ఫిజీ పల్లెలో సముద్రపు ఒడ్డున లోవో విందు: ఏం పట్టుకెళ్లాలి, వంటలో ఎలా సాయపడాలి?

గోదారిగట్టు (ప్రశ్న)

జూలైలో ఫిజీ వెళ్తున్నాం. నాండిలో దిగి, యసావా దీవుల్లో ఒక పల్లెలో ఉంటాం. ఊరివాళ్లు ఒడ్డున లోవో, అంటే గుంతలో వేడి రాళ్ల మీద వండే విందు, వేస్తామని, వంట దగ్గర మమ్మల్ని కూడా ఒక చెయ్యి వెయ్యమని కబురు పెట్టారు. మేం ఎనిమిది మందిమి, వాళ్లతో కలిపి పాతిక మంది దాకా అవుతారు. ఇది రిసార్టులో టికెట్టు కొని చూసే ప్రదర్శన కాదు, వాళ్లు తినేదే మాకూ పెడుతున్నారు. అందుకే ముందే తెలుసుకుని వెళ్లాలని అడుగుతున్నాను.

యాంగోనా (నీళ్లలో కలిపి తాగే కావా) వేరు ఇవ్వాలంటున్నారు. ఎంత ఇవ్వాలి, ఎవరి చేతికివ్వాలి? గుంత పొయ్యి దగ్గర మాలాంటివాళ్లు చెయ్యగల పనేమిటి, అసలది ఎలా ఉడుకుతుంది? మా అత్తగారు, పెద్దమ్మ శాకాహారులు. మిగతావాళ్లం చేపా కోడీ తింటాం గానీ గొడ్డుమాంసం ముట్టం. పచ్చి చేపతో చేసే కోకోండా పిల్లలకు పెట్టొచ్చా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

దెనరావు_రేవు

ముందు యాంగోనా సంగతి, ఎందుకంటే అది అయ్యాకే మిగతా ఏదైనా. ఊళ్లో అడుగు పెట్టగానే చేసే ఈ మర్యాదను సేవుసేవు అంటారు. ఇది కానుక ఇచ్చి ఫొటో దిగడం లాంటిది కాదు. ఆ ఊరి నేల మీద నడవడానికి, వాళ్ల నీళ్లలో దిగడానికి పెద్దల అనుమతి అడగడం. సేవుసేవు అయ్యేదాకా ఊళ్లో తిరగొద్దు, కెమెరా తియ్యొద్దు, పిల్లల్ని నీళ్లలోకి వదలొద్దు.

నాండి బజారులోనో లౌతోకా బజారులోనో కొనండి. పొడి కాదు, ఎండిన వేళ్ల కట్ట అడగండి. వేళ్లను వాకా అంటారు, మొదలు ముక్కల్ని లేవెనా అంటారు. లేవెనా చవక, కానీ సేవుసేవుకు వాకాయే పద్ధతి. మీరంతా ఒకే కుటుంబం కాబట్టి అరకిలో కట్ట ఒకటి చాలు. సేవుసేవుకని చెబితే అమ్మేవాళ్లే కాగితంలో చుట్టి రిబ్బనో తాడో కట్టి ఇస్తారు, ఆ కట్టు విప్పొద్దు. ఊరు వదిలేటప్పుడు సెలవు తీసుకునే మర్యాద, ఇతాతౌ, ఉంటుంది. దానికి మరో చిన్న కట్ట విడిగా కొని దాచుకోండి, చాలామంది ఇది మర్చిపోతారు. దీవుల పడవలు నాండి దగ్గరి దెనరావు రేవు నుంచి పొద్దున్నే బయలుదేరతాయి, ఆదివారం దుకాణాలు చాలావరకు మూస్తారు. కాబట్టి ఈ కొనుగోలు ముందు రోజే అయిపోవాలి.

కట్టను ఊరి పెద్ద చేతికి నేరుగా అందించకూడదు. మిమ్మల్ని పిలిచినవాళ్లు తురాంగా ని కోరో దగ్గరికి, అంటే ఊరి వ్యవహారాలు చూసే పెద్ద దగ్గరికి తీసుకెళ్తారు. చెప్పులు బయట విప్పి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. కట్టను ఆయన ముందు చాప మీద పెట్టాలి. మీ తరఫున మాట్లాడేది ఆ ఊరివాళ్లలోనే ఒకరు. మీ పేర్లు, ఎక్కణ్నుంచి వచ్చారో వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఆయన కట్ట అందుకుని నాలుగు మాటలు చెప్పి చప్పట్లు కొడితే మీరు ఆ ఊరి అతిథులైనట్టే.

తర్వాత తానోవా చుట్టూ కూర్చోబెడతారు. అది కాళ్లున్న చెక్క గిన్నె, యాంగోనా కలిపేది అందులోనే. కాళ్లు దాని వైపు చాపకూడదు. కొబ్బరి చిప్ప, బిలో, మీ వంతుకు వచ్చినప్పుడు అరచేతులు డొప్పలా వంచి ఒక్క చప్పట్టు కొట్టి, "బూలా" అని, ఒకే గుక్కలో తాగి, చిప్ప తిరిగిచ్చి మూడు చప్పట్లు కొట్టాలి. చెళ్లుమనేలా కొట్టొద్దు, చప్పుడు లోతుగా రావాలి. తక్కువ కావాలంటే "లో టైడ్" అనండి, వాళ్లే వాడే మాట. మొదటి చిప్ప తీసుకుని తర్వాతివి వద్దంటే ఎవరూ తప్పు పట్టరు. నాలుక, పెదాలు కాసేపు మొద్దుబారతాయి, భయపడొద్దు. గర్భిణులు, కాలేయం జబ్బున్నవాళ్లు, నిద్రమాత్రలు వాడేవాళ్లు తాగకూడదు. మద్యంతో కలిపి అసలే వద్దు. వద్దనే కారణం ముందే చెబితే చిప్పను నుదుటికి తాకించి పక్కవారికి ఇవ్వమంటారో, మరోలా చెయ్యమంటారో వాళ్లే చెబుతారు.

బట్టల సంగతి: మోకాళ్లు, భుజాలు కప్పాలి. ఆడా మగా అందరూ నడుముకు సులూ చుట్టుకోవచ్చు, మన లుంగీ లాంటిదే. ఊళ్లో టోపీ, నల్ల కళ్లద్దాలు తీసెయ్యాలి. అవి పెట్టుకునే హక్కు పెద్దకే. ఎంత ముద్దొచ్చినా పిల్లల తల నిమరొద్దు. కూర్చున్నవాళ్ల మధ్యలోంచి వెళ్లాల్సి వస్తే నడుం వంచి "తులోవ్" (క్షమించండి) అంటూ వెళ్లండి.

యాంగోనాతో పాటు పంచదార, గోధుమపిండి, బియ్యం, టీపొడి, పాలపొడి తీసుకెళ్తే వంటింటికి పనికొస్తాయి. పిల్లలకు నోటుపుస్తకాలు పంచాలనిపిస్తే వీధిలో ఒక్కొక్కరి చేతిలో పెట్టకుండా బడి పెద్దకు అప్పజెప్పండి.

నిప్పూరాళ్లూ

గుంత పొయ్యి గురించి రాస్తాను. లోవోలో మంట మీద ఏదీ వండరు. మంట రాళ్ల కోసం. రాళ్లు పట్టుకున్న వేడి, ఆకుల తేమ నుంచి వచ్చే ఆవిరి, ఈ రెండే వండేవి. మూత వేశాక మళ్లీ వేడి పెంచే దారి లేదు, కాబట్టి జరగాల్సిన తప్పులన్నీ మూత వెయ్యకముందే జరుగుతాయి.

గుంత: పాతిక మందికి మీటరు వెడల్పు, 50 నుంచి 60 సెంటీమీటర్ల లోతు చాలు. పోటు గుర్తుకు బాగా పైన, కొబ్బరి చెట్ల మొదళ్లలో, మట్టి కలిసిన గట్టి నేల చూసుకుంటారు. నీటి అంచున తవ్వితే అడుగు తడిగా ఉంటుంది, ఆ తడి రాళ్ల వేడినంతా లాగేస్తుంది, గోడలు కూడా జారిపడతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, ఇసుకలో నీళ్లు పైకి ఊరతాయి. మధ్యాహ్నం పొడిగా ఉన్న గుంతలో సాయంత్రానికి చెమ్మ చేరే రోజులవి.

రాళ్లు: నల్లటి అగ్నిపర్వతపు రాళ్లు, పిడికిలి నుంచి కొబ్బరికాయ పరిమాణం దాకా. గుంత అడుగంతా ఒక వరుస పరిచాక ఇంకొన్ని మిగలాలి. నీళ్లలోంచి అప్పుడే తీసినవి వాడకూడదు. లోపల చిక్కుకున్న నీరు ఆవిరై రాయి పేలుతుంది, ముక్కలు కంటికి తగిలే ప్రమాదం. పగడపు రాయి, సున్నపురాయి కూడా పనికిరావు, కాలి సున్నమవుతాయి. ఊళ్లో పాత లోవో రాళ్లు దాచి ఉంచుతారు, అవే నమ్మకమైనవి. సాయం చెయ్యాలన్న ఉత్సాహంతో ఒడ్డున దొరికిన రాయి తెచ్చి మంటలో వెయ్యొద్దు.

కట్టెలు: ఎండిన గట్టి కట్టె, కింద రాజుకోవడానికి కొబ్బరి డొక్కలు, పీచు. కెరటాలకు కొట్టుకొచ్చిన దుంగలు, రంగు వేసిన పలకలు వద్దు. ఉప్పు పట్టిన కట్టె పొగ, రంగు పొగ తిండికి పట్టకూడదు. కట్టెల్ని గుంతలో అడ్డదిడ్డంగా పేర్చి వాటి మీద రాళ్లు పెట్టి అంటిస్తారు. గంట నుంచి గంటన్నర మండాలి. రాళ్లకు మొదట నల్లటి మసి పడుతుంది. ఆ మసి కూడా కాలిపోయి రాయి తెల్లబారితేనే సిద్ధమైనట్టు. ఆకలికి తొందరపడి మసి ఉండగానే మంట తీసేస్తే దుంప మధ్యలో పచ్చిగా మిగులుతుంది.

ఆ తర్వాత పని పరుగు మీద సాగాలి. కాలని కట్టెలు, పొగ వచ్చే కొరివిలు పొడుగు కర్రలతో బయటికి లాగేయాలి. ఒక్క కొరివి మిగిలినా అంతా పొగ వాసనే. రాళ్లు చదును చేసి, వాటి మీద పచ్చి కొబ్బరిమట్ట ఈనెలు, అరటి బోదె చీలికలు అడ్డంగా పరుస్తారు. ఈ వరుస లేకపోతే అడుగున పెట్టినవి రాయికి అంటుకుని మాడతాయి. అడుగున డాలో, కర్రపెండలం, పంది, కోడి. వాటి పైన చేప, అన్నిటికన్నా పైన పలుసామి అనే ఆకుకూర పొట్లాలు. డాలో అంటే మన చేమజాతి పెద్ద దుంప. పాతిక మందికి దుంపలన్నీ కలిపి 12 నుంచి 15 కిలోలు, కోళ్లు ఐదారు, చేప 5 కిలోలు సరిపోతాయి. కోడిని ముక్కలు చేస్తే సమంగా ఉడుకుతుంది. మొత్తం కోడి పెట్టాలంటే రొమ్ము కింది వైపుకు ఉంచాలి.

పైన అరటాకులు రెండు మూడు వరుసలు, వాటి మీద తడిపి పిండిన గోనెసంచులు, ఆ పైన మట్టి. గోనె అంటే జనపనారదే. ప్లాస్టిక్ నేత సంచి కరిగి తిండిలో కారుతుంది. ఆకులు, సంచులు గుంత అంచు దాటి ఒక జానెడు బయటికి రావాలి, లేదంటే ఇసుక లోపలికి జారుతుంది. రాళ్లు చదును చేసిన దగ్గర్నుంచి మట్టి కప్పేదాకా పది నిమిషాలు దాటకూడదు. మీ ఎనిమిది మంది చేతులు అక్కరకొచ్చేది ఇక్కడే. ఆకులు ముందే సెగకు చూపించి మెత్తబరచి, వరుసగా పెట్టి ఉంచండి. సంచులు తడిపి పక్కన పెట్టండి. బుట్టలు పెట్టే క్రమంలో వరుసగా ఉంచండి. మంట దగ్గరి పని అనుభవమున్న మగవాళ్లు చూసుకుంటారు, అందులో దూరొద్దు.

కప్పాక పక్కన కూర్చుని కనిపెట్టాలి. ఆవిరి ఎక్కడ పొగలా లేస్తే అక్కడ మట్టి వేసి నొక్కాలి. కోడి, చేప, మామూలు దుంపలకు రెండు గంటలు. పెద్ద పంది ఉంటే మూడు దాటుతుంది, దాని పొట్టలోనూ వేడి రాళ్లు పెడతారు. ఉడికిందో లేదో చూద్దామని మధ్యలో ఒక మూల తెరవడం అన్నిటికన్నా చెడ్డ పని, పోయిన ఆవిరి తిరిగి రాదు. తీసేటప్పుడు మట్టిని అంచుల నుంచి బయటికి ఊడ్చి, సంచుల్ని ఇద్దరు చెరోవైపు పట్టి ఒక్కసారిగా ఎత్తాలి. ఆ ఆవిరికి చెయ్యి కాలుతుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి. కోడి తొడ దగ్గర ఎముక పక్కన గుచ్చితే ఎర్రటి నీరు రాకూడదు. వస్తే ఆ ముక్కల్ని కుండలో ఉడికించడమే, లోవోలో తిరిగి పెట్టి లాభం లేదు.

పెండలందుంప

శాకాహారుల సంగతి నేను చెబుతాను. ఫిజీ పల్లెలో వాళ్లు ఆకలితో ఉండరు, కానీ రెండు విషయాలు ముందే చెప్పాలి.

మొదటిది పలుసామి. లేత డాలో ఆకులు, చిక్కటి కొబ్బరిపాలు, ఉల్లిపాయ, ఉప్పు కలిపి పొట్లం కట్టేది. చూడ్డానికి ఆకుకూరే, కానీ లోపల డబ్బాలో వచ్చే కార్న్‌డ్ బీఫ్ వెయ్యడం మామూలు. మీలో ఎవరూ గొడ్డుమాంసం తినరు కాబట్టి ఇది శాకాహారులిద్దరి సమస్య మాత్రమే కాదు, మీ ఎనిమిది మందిదీ. కబురు పెట్టేటప్పుడే చెప్పండి. ఫిజీలోని హిందువులతో తరాలుగా పరిచయం ఉన్నవాళ్లు, కొత్తగా అనుకోరు. ఉల్లిపాయ, టమాటాతో చేసిన పొట్లాలకు గుర్తుగా వేరే నారతో ముడి వెయ్యమనండి. అరటాకులో చుట్టాక అన్నీ ఒకేలా ఉంటాయి.

రెండోది, ఒకే గుంతలో మాంసంతో కలిసి ఉడకడం. కొవ్వు కారేది కిందికే కాబట్టి పై వరుసలో విడి బుట్టలో పెడితే తగలదు, ఆవిరి మాత్రం అందరిదీ ఒకటే. దానికి కూడా అభ్యంతరం ఉన్నవాళ్లకు దుంపలు, రోరో వేరే కుండలో ఉడికించమని అడగడమే మంచిది. రోరో అంటే ఉడికించిన డాలో ఆకు. తినకుండా పక్కన పెట్టడం కన్నా ముందే అడగడం వాళ్లకూ సుఖం.

పలుసామి కొలత: ఒక పొట్లానికి లేత ఆకులు ఆరేడు, చిక్కటి పాలు అరకప్పు, చిన్న ఉల్లిపాయలో సగం, ఉప్పు. ఆకు ఈనె లావుగా ఉంటే చెక్కెయ్యాలి. పెద్ద ఆకు బయట, చిన్నవి లోపల వచ్చేలా అరచేతిలో గిన్నెలా పరిచి, పాలు పోసి, అంచులు దగ్గరికి మడిచి, సెగ చూపిన అరటాకులో చుట్టాలి. రేకు కాగితం వాడినా లోపల అరటాకు ఉండాలి. చేమాకు సంగతి మనకు తెలిసిందే, సరిగా ఉడక్కపోతే గొంతు దురద. అందులోని సూదుల్లాంటి ఆగ్జలేటు స్ఫటికాలు దానికి కారణం. కనీసం ముప్పావుగంట గట్టిగా ఉడకాలి, లోవోలో రెండు గంటలు ఉంటుంది కాబట్టి మామూలుగా భయం లేదు. దుంపలు చెక్కేటప్పుడు చేతులకు కొబ్బరినూనె రాసుకుని, ఆరిన చేతులతో చెక్కండి. తడి చేతులకు దురద ఎక్కువ.

కర్రపెండలం మన సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులకు వెళ్లే పంటే. పచ్చిది కొరకనివ్వొద్దు, సయనైడు పుట్టించే పదార్థం ఉంటుంది. తొక్క, దాని కింది గులాబీ పొర పూర్తిగా తీసి మెత్తగా ఉడికించాలి. నల్లచారలు పడిన ముక్క పారెయ్యండి.

ఇవి కాక చిలగడదుంప, సీమపనస, కొబ్బరిపాలలో వేసిన ఓతా అనే ఫెర్న్ చిగుళ్లు, బేలే ఆకుకూర దొరుకుతాయి. నామా అనే సముద్రపు పాచి చిన్న పచ్చ ద్రాక్షగుత్తుల్లా ఉంటుంది. నిమ్మరసం, కొబ్బరి, పచ్చిమిర్చితో పచ్చిగానే తింటారు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ముందే ఉప్పు కలపొద్దు. రెండిటికీ నీరు వదిలి ముడుచుకుపోతుంది. దుంపలతో నంజుకోవడానికి మీతి: చిక్కటి కొబ్బరిపాలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం. కారం తక్కువనిపిస్తే మిర్చి పెంచమనడానికి మొహమాటపడొద్దు.

కోకోండా: కిలో వంజరం, అక్కడ వాలూ అంటారు, ఎముక తీసి సెంటీమీటరు ముక్కలు. ముక్కలు మునిగేంత నిమ్మరసం, కాయ పరిమాణాన్ని బట్టి 10 నుంచి 15 కాయలు. రెండు మూడు గంటలు చల్లటి చోట ఉంచితే ముక్క తెల్లబడి గట్టిపడుతుంది. రసం వంపేసి, వడ్డించే ముందు మాత్రమే కొబ్బరిపాలు, ఉల్లిపాయ, టమాటా, మిర్చి, ఉప్పు కలపాలి. పాలు ముందే పోస్తే విరిగినట్టవుతుంది. నిమ్మరసం చేపను తెల్లబరుస్తుంది గానీ క్రిముల్ని పూర్తిగా చంపదు. అందుకే నా సలహా: అయిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, వయసు మళ్లినవాళ్లకు పెట్టొద్దు. వాళ్లకు లోవోలో ఉడికిన చేప ఉంది కదా.

ఇంకొక ముఖ్యమైన మాట. పగడపు దిబ్బల దగ్గర పెద్ద చేపల్లో సిగ్వాటెరా అనే విషం చేరుతుంది. అది ఉడికించినా, నిమ్మరసంలో ఊరబెట్టినా, గడ్డకట్టించినా పోదు. పెదాలు తిమ్మిరెక్కడం, చల్లటి నీళ్లు చురుక్కుమని కాలినట్టు అనిపించడం దాని లక్షణాలు. ఏ దిబ్బ చేప తినొచ్చో ఏది తినకూడదో ఊరి జాలరులకు తెలుసు. మీరు గాలం వేసి పట్టిన చేపను వాళ్లను అడగకుండా కాల్చుకోవద్దు. గాలం వెయ్యడానికీ అనుమతి కావాలి. గోలిగోలి అని ప్రతి ఊరికీ తన చేపల నీళ్లుంటాయి, అందులో కొంత భాగం తంబు, అంటే ఎవరూ పట్టకూడదని మూసి ఉంచినది.

గోదారిగట్టు

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ నమస్కారం. ఇంకో రెండు. మా వంతుగా కోడికి మసాలా పట్టించి లోవోలో పెట్టమంటే బావుంటుందా, లేక వాళ్ల వంటలో చెయ్యి పెట్టినట్టవుతుందా? ఆవకాయ, కరివేపాకు ఇక్కణ్నుంచి తీసుకెళ్లొచ్చా? ఇంకా, తినేటప్పుడు మేం గమనించాల్సినవి ఏమైనా ఉన్నాయా?

దెనరావు_రేవు

మసాలా కోడి నిస్సంకోచంగా పెట్టండి. 1879 నుంచి 1916 దాకా గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద 60 వేల మందికి పైగా భారతీయులు ఫిజీ చెరకుతోటలకు వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసులు ఇళ్లలో లోవో వేసుకుంటారు, ఇతౌకే (ఫిజీ మూలవాసుల) పల్లెల్లో కోడికూర, రోటీ, పప్పు మామూలు తిండి అయిపోయాయి. అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, ఉప్పు, కొబ్బరిపాలు పట్టించి రెండు గంటలు ఉంచి అరటాకులో కట్టండి. పెరుగు, నిమ్మరసం వేస్తే నేరుగా రేకు కాగితంలో చుట్టొద్దు, పులుపుకు రేకు చిల్లులు పడుతుంది. కారం సగానికి తగ్గించండి.

ఆవకాయ, కరివేపాకు, విత్తనాలు, నెయ్యి, తేనె లాంటివి ఫిజీ జీవభద్రత తనిఖీలో ఆపుతారు. దాచిపెడితే జరిమానా. ఏ తినుబండారమైనా దిగేముందు ఫారంలో రాయండి. అసలు మోసుకెళ్లే అవసరమే లేదు, నాండిలో మన దినుసులన్నీ దొరుకుతాయి.

తినేటప్పుడు: చాపల మీద పొడుగ్గా గుడ్డ పరిచి వడ్డిస్తారు. పైవైపు పెద్దల చోటు, మిమ్మల్ని ఎక్కడ కూర్చోమంటే అక్కడే కూర్చోండి. ప్రార్థన అయ్యేదాకా చెయ్యి పెట్టొద్దు. చాలా ఊళ్లలో అతిథులు, పెద్దలు ముందు తింటారు. వండిన ఆడవాళ్లు, పిల్లలు తర్వాత. కాబట్టి మొదట్లోనే పెద్ద ముక్కలన్నీ మీ వైపు లాక్కోవద్దు, గంటల తరబడి కూర్చుని కబుర్లు చెప్పొద్దు. అలాగని మొహమాటంగా కొంచెమే తింటే వండినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. కడుపునిండా తిని, గిన్నెల్లో మిగిలి ఉండగానే లేవండి. చివర్లో మీలో పెద్దవారు నాలుగు మాటలు మాట్లాడాలి. తెలుగులో చెప్పినా సరే, ఒకరు ఇంగ్లీషులోకి మార్చండి, ఆఖర్న "వినాకా వాకాలేవు" (చాలా కృతజ్ఞతలు) అని అందరూ కలిసి అనండి. ఎవరింట్లోనైనా చాపో, విసనకర్రో మరీ మెచ్చుకోకండి, అడిగారేమో అనుకుని మీ చేతిలో పెట్టేస్తారు.

నిప్పూరాళ్లూ

ఒకటి మర్చిపోయాను. తిన్నాక గుంత ఖాళీగా కనిపిస్తుంది గానీ రాళ్లు తెల్లారేదాకా కాలుతూనే ఉంటాయి. దాని మీద పలచగా ఇసుక కప్పి వదిలేస్తే చీకట్లో ఎవరో ఒకరు అడుగు వేస్తారు. చుట్టూ కొబ్బరిమట్టలు అడ్డం పెట్టండి, పిల్లలకు చోటు చూపించండి. నీళ్లు పొయ్యొద్దు, ఆవిరి ముఖానికి కొడుతుంది, మంచి రాళ్లు పగిలిపోతాయి. పొద్దున్నే చల్లారాక రాళ్లు ఏరి, కడగకుండా, ఊరివాళ్లు దాచే చోట పేర్చి రండి. అది ఎనిమిది మంది అరగంటలో చెయ్యగల పని. మిగిలిన కోడి, చేప గుంతలోంచి తీసిన రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, పల్లెలో కరెంటు జనరేటర్ మీదైతే ఆ రాత్రే పంచేస్తారు. డాలో, కర్రపెండలం మాత్రం పొద్దున టీతో చల్లగానే తింటారు.